‘ఎక్స్ అనుకుందాం’ ఎప్పుడు అనాలి, ఎప్పుడు అనక్కర్లేదు

బెంగళూరులో 2025 ఆగస్టు నుంచి ఆటో మీటరు ఛార్జీ ఇలా ఉంది: మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆ తరువాత ప్రతి కిలోమీటరుకూ 18 రూపాయలు. దిగేటప్పుడు మీటరు 216 రూపాయలు చూపిస్తే ప్రయాణించిన దూరం ఎంత? ట్రాఫిక్‌లో ఆగినందుకు పడే ఛార్జీని పక్కన పెడదాం.

బడిలో నేర్చుకున్న పద్ధతి ప్రకారం దూరాన్ని ‘ద’ అనుకుని 36 + 18 × (ద − 2) = 216 అని రాస్తాం. 18 × (ద − 2) = 180, ద − 2 = 10, దూరం 12 కిలోమీటర్లు. తప్పేమీ లేదు. అయితే ప్రశ్నను ఇంకొకసారి నిదానంగా చదివినవారికి మరో సంగతి కనిపిస్తుంది. మొదటి 2 కిలోమీటర్లకు పడిన 36 రూపాయలు కూడా కిలోమీటరుకు 18 చొప్పునే పడ్డాయి. అంటే 2 కిలోమీటర్లు దాటిన ఏ ప్రయాణానికైనా ఛార్జీ నేరుగా దూరానికి 18 రెట్లు. 216ను 18తో భాగిస్తే 12. పెన్ను ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు కనీస ఛార్జీ 36 కాక 40 అనుకోండి. ఆ దగ్గరి దారి మూసుకుపోతుంది. మీటరు 220 చూపిస్తే దాన్ని 18తో భాగించి లాభం లేదు. 40 తీసేసి, మిగిలిన 180 సంగతి చూడాల్సిందే. మారింది ఒక్క సంఖ్య, దాంతో పద్ధతే మారిపోయింది. పోటీ పరీక్షల్లో వచ్చే పదసమస్యల (మాటల్లో ఇచ్చే లెక్కల) గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ మార్పు చుట్టూనే ఉంది. ఏ పద్ధతి వాడాలో లెక్క నిర్మాణమే తేలుస్తుంది. మన అలవాటుకు, ఇష్టానికి అందులో చోటు తక్కువ.

మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) ఉంటూ, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిపూట పరీక్షలకు చదివే తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం మీద ఆశతో క్యాట్‌కు చదివేవారు కొందరు, జీఆర్ఈ రాసి విదేశాలకు వెళ్లాలనుకునేవారు కొందరు, బ్యాంకు ఉద్యోగం చాలనుకునేవారు మరికొందరు. వారాంతాల్లో లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చినప్పుడు వీళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: “సమీకరణం రాయాలా సార్, షార్ట్‌కట్ సరిపోతుందా?” సమీకరణం రాయనిది లెక్కే కాదని ఇంటర్మీడియట్‌లో ఒకరు చెప్పి ఉంటారు. సమీకరణం రాస్తే టైమంతా పోతుందని ఏదో వీడియోలో మరొకరు చెప్పి ఉంటారు. షార్ట్‌కట్ ఎందుకు పనిచేస్తుందో మాత్రం ఇద్దరూ చెప్పి ఉండరు. అది తెలియకపోతే ఎప్పుడు పనిచేయదో కూడా తెలియదు.

టైము సంగతి నిజమే. క్యాట్‌లో గణిత విభాగానికి 40 నిమిషాలు, ఇటీవలి సంవత్సరాల్లో 22 ప్రశ్నలు. 2023 సెప్టెంబరులో కుదించిన తరువాత జీఆర్ఈలో 27 గణిత ప్రశ్నలకు 47 నిమిషాలు. బిజినెస్ స్కూళ్ల ప్రవేశానికి రాసే ఇప్పటి జీమ్యాట్‌లో 21 ప్రశ్నలకు 45 నిమిషాలు. అమెరికా కాలేజీల్లో డిగ్రీ ప్రవేశానికి రాసే డిజిటల్ శాట్‌లో 44 ప్రశ్నలకు 70 నిమిషాలు. ఎలా చూసినా ప్రశ్నకు దక్కేది ఒకటిన్నర నిమిషాల నుంచి రెండు నిమిషాల పైచిలుకు వరకే. ఆ రెండు నిమిషాల్లో చాలామంది చదవడానికి పది సెకన్లు ఇచ్చి, లెక్క చేయడానికి నిమిషం యాభై సెకన్లు పెడతారు. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఆ పది సెకన్లలోనే పుట్టాయి.

చదవడంలోనే జారిపోయేవి

1980 ప్రాంతంలో అమెరికాలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులు 150 మందికి ఒక చిన్న పని ఇచ్చారు. ‘ఈ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు’ అన్న వాక్యాన్ని సమీకరణంగా రాయాలి. 37 శాతం మంది తప్పు రాశారు. ఆ తప్పుల్లో ఎక్కువ ఒకే రకానివి: విద్యార్థుల సంఖ్యను ఆరుతో గుణించి, అధ్యాపకుల సంఖ్యకు సమానం చేశారు. ఆరు అనే సంఖ్య వాక్యంలో విద్యార్థుల పక్కన ఉంది కాబట్టి సమీకరణంలోనూ వాళ్ల పక్కనే పెట్టేశారు. వీళ్లు లెక్కలు రానివారు కారు, ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నవారు.

దీనికి విరుగుడు చాలా సులువు. సమీకరణం రాయగానే అందులో చిన్న సంఖ్యలు వేసి చూడాలి. 10 మంది అధ్యాపకులుంటే 60 మంది విద్యార్థులు. ఆరుసార్లు 60 పదికి సమానమా? కాదు. తప్పు బయటపడటానికి ఐదు సెకన్లు చాలు.

రెండో ప్రమాదం ‘ఎక్కువ’, ‘తక్కువ’ అనే మాటల దగ్గర ఉంటుంది. ఈ లెక్క చూడండి: మల్లేశ్వరంలో కొబ్బరికాయ 32 రూపాయలు. ఇది జయనగరం ధర కంటే 3 రూపాయలు తక్కువ. జయనగరంలో 5 కొబ్బరికాయలకు ఎంత అవుతుంది? ‘తక్కువ’ కనిపించగానే 32 నుంచి 3 తీసేసి, 29ని ఐదుతో గుణించి 145 గుర్తించేవారుంటారు. ఆప్షన్లలో 145 తప్పకుండా ఉంటుంది. ప్రశ్న తయారుచేసేవారికి ఈ తప్పు ముందే తెలుసు. జయనగరం ధర 35, సరైన జవాబు 175.

మేరీ హెగార్టీ, రిచర్డ్ మేయర్, క్రిస్టఫర్ మంక్ 1995లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి లెక్కలు చేస్తున్నవారి కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో యంత్రంతో గమనించారు. తప్పు చేసేవారి చూపు మళ్లీ మళ్లీ సంఖ్యల మీదకు, ‘ఎక్కువ’, ‘తక్కువ’ లాంటి మాటల మీదకు వెళ్లింది. సరిగ్గా చేసేవారు మాత్రం ఏ వస్తువు, ఎవరిది, ఏ దుకాణం అనే పేర్లను తిరిగి తిరిగి చూశారు. అంటే వాళ్లు ముందుగా పరిస్థితిని మనసులో కట్టుకుని, ఆ తరువాతే సంఖ్యల జోలికి వెళ్లారు. ఏ పద్ధతికైనా ఇదే పునాది. ఫలానా మాట వస్తే కూడాలి, ఫలానా మాట వస్తే తీసేయాలి అని పట్టికలు బట్టీ పట్టించడం పిల్లలకు నేరుగా నష్టం చేస్తుందని నా గట్టి నమ్మకం.

తెలియని రాశి ఎన్నిచోట్ల ఉంది?

పద్ధతిని ఎంచుకోవడానికి నేను అడగమనే మొదటి ప్రశ్న ఇది.

ఒక అమ్మాయి తన జీతంలో మూడో వంతు అద్దెకు కట్టింది. మిగిలినదానిలో సగం ఊళ్లో అమ్మానాన్నలకు పంపింది. 6,000 రూపాయలు భోజనానికి ఖర్చయ్యాయి. ఇంకా 10,000 మిగిలాయి. జీతం ఎంత?

ఇక్కడ జీతం ఒకే చోట, మొదట్లోనే ఉంది. దాని మీద ఒకదాని తరువాత ఒకటి పనులు జరిగాయి. ప్రతి పనినీ వెనక్కి తిప్పవచ్చు. చివర 10,000, భోజనానికి ముందు 16,000, ఊరికి పంపకముందు 32,000, అది జీతంలో మూడింట రెండు వంతులు కాబట్టి జీతం 48,000. సమీకరణం రాసినా ఇదే వస్తుంది, కానీ భిన్నాల్లో భిన్నాలు రాసి, విప్పుకునే శ్రమ మిగులుతుంది.

చివరి వాక్యం మాత్రం మారుద్దాం. ‘ఇంకా 10,000 మిగిలాయి’ అన్న చోట ‘జీతంలో ఐదో వంతు మిగిలింది’ అని రాయండి. ఇప్పుడు వెనక్కి నడవడానికి చేతిలో మొదలుపెట్టే సంఖ్యే లేదు. జీతం రెండు చోట్ల ఉంది, మొదట్లోనూ చివరా. అద్దె పోగా మిగిలిన మూడింట రెండు వంతుల్లో సగం అంటే జీతంలో మూడో వంతు. దానిలోంచి 6,000 పోతే ఐదో వంతు. జీతాన్ని ‘జ’ అంటే, జ/3 − 6,000 = జ/5. మూడో వంతుకూ ఐదో వంతుకూ తేడా పదిహేనింట రెండు వంతులు, అది 6,000. జీతం 45,000. ఇక్కడ ‘అనుకుందాం’ అనక తప్పలేదు.

కెన్నెత్ కోడింగర్, మిచెల్ నాథన్ చేసిన పరిశోధనలు సరిగ్గా ఈ తేడానే బయటపెట్టాయి. మాటల్లో ఉన్న లెక్క కంటే సమీకరణం సులువని ఉపాధ్యాయుల్లో చాలామంది అనుకుంటారు. కానీ తెలియని రాశి ఒకే చోట ఉన్న సులువైన లెక్కల్లో, హైస్కూలు పిల్లలు అదే విషయాన్ని సమీకరణంగా ఇచ్చినప్పటి కంటే కథగా ఇచ్చినప్పుడే బాగా చేశారని వాళ్లు చూపించారు. వెనక్కి నడవడం, వేసి చూడటం లాంటి దారులు పిల్లలు సొంతంగా కనుక్కున్నారు. 2008లో మార్తా అలిబాలితో కలిసి ప్రచురించిన మరో అధ్యయనంలో, తెలియని రాశి రెండు చోట్ల వచ్చే కఠినమైన లెక్కల్లో ఫలితం తిరగబడింది. అక్కడ సమీకరణమే గెలిచింది. రెండు వర్గాల వాదనా సగం నిజమే అన్నమాట. ఏ సగం ఎక్కడ నిజమో తెలుసుకోవాలి.

ఊహించిన సంఖ్య ఎందుకు పనిచేస్తుంది

కోచింగ్ వీడియోల్లో ఎక్కువగా మెరిసేది ఈ పద్ధతి, ఎక్కువగా దుర్వినియోగం అయ్యేదీ ఇదే. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం.

వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో 30 వేగంతో తిరిగి వస్తే సగటు వేగం ఎంత? 25 అని తొందరపడేవారు చాలామంది. దూరం ఇవ్వలేదు కాబట్టి మనమే ఒకటి అనుకుందాం. 20కీ 30కీ క.సా.గు. 60 కనుక 60 కిలోమీటర్లు. వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. 120 కిలోమీటర్లకు 5 గంటలు, సగటు 24. అసలు దూరం 60 కాకపోయినా జవాబు మారదు, ఎందుకంటే దూరం రెట్టింపైతే సమయమూ రెట్టింపవుతుంది, నిష్పత్తి అలాగే ఉంటుంది.

ఇదే లెక్కలో ‘రానూపోనూ మొత్తం రెండున్నర గంటలు పట్టింది, దూరం ఎంత’ అని అడిగితే? 60 అనుకుంటే 5 గంటలు వచ్చాయి. అసలు సమయం అందులో సగం. కాబట్టి దూరమూ సగం, 30 కిలోమీటర్లు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో దీనిని ఇష్టకర్మ అన్నాడు: ఇష్టమైన సంఖ్యను తీసుకుని, వచ్చిన ఫలితాన్ని అసలు ఫలితంతో పోల్చి సరిదిద్దడం. వెనక్కి నడిచే విలోమ పద్ధతి అంతకంటే పాతది, ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. తొమ్మిదో శతాబ్దిలో ఈ కన్నడ నేలను ఏలిన రాష్ట్రకూటుడు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహం నిండా ఇలాంటి పదసమస్యలే. దాన్ని పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. 1912లో ఎం. రంగాచార్య ఇంగ్లిషు అనువాదంతో మద్రాసులో అచ్చువేయించారు. ఈ పద్ధతులను పరీక్షల కోసం పుట్టిన చిట్కాలుగా చిన్నచూపు చూసేవారి కోసం ఈ చరిత్ర చెబుతున్నాను. వీటికి సమీకరణంతో సమానమైన గౌరవం ఉంది.

ఇక వీటి హద్దు ఎక్కడ? అన్నీ నిష్పత్తులు, శాతాలు, భిన్నాలే ఉన్నంతవరకూ ఒక ఊహ చాలు. మధ్యలో ఒక స్థిరమైన మొత్తం దూరితే ఒక ఊహ చాలదు. కనీస ఛార్జీ 40 ఉన్న ఆటోనే తీసుకోండి. 5 కిలోమీటర్లు అనుకుంటే ఛార్జీ 94, 10 అనుకుంటే 184. దూరం రెట్టింపైనా ఛార్జీ రెట్టింపు కాలేదు. కానీ 5 కిలోమీటర్లకు 90 రూపాయలు పెరిగింది, అంటే కిలోమీటరుకు 18. మనకు కావలసిన 220కి 184 నుంచి ఇంకా 36 కావాలి, మరో 2 కిలోమీటర్లు. జవాబు 12. పెరుగుదల సమానంగా ఉన్న లెక్కల్లో రెండు ఊహలతో ఎప్పుడూ జవాబు దొరుకుతుంది.

పెరుగుదలే సమానంగా లేకపోతే ఇదీ పనిచేయదు. పొడవు వెడల్పు కంటే 4 అడుగులు ఎక్కువ, వైశాల్యం 192 చదరపు అడుగులు అంటే, వెడల్పు 10 వేస్తే 140, 11 వేస్తే 165, 12 వేస్తే 192. మొదట 25, తరువాత 27 పెరిగింది. ఇక్కడ అదృష్టం కొద్దీ పూర్ణసంఖ్య దొరికింది, అంతే.

దీనికి దగ్గరి చుట్టమే ‘అన్నీ ఒకే రకం అనుకోవడం’. ఒక టిఫిన్ సెంటర్లో ఇడ్లీ ప్లేటు 40, మసాలా దోసె 70. మొత్తం 50 ప్లేట్లు, 2,660 రూపాయలు. అన్నీ ఇడ్లీలే అనుకుంటే 2,000 వచ్చేది. 660 ఎక్కువ వచ్చింది. ఒక్కో దోసెకు 30 ఎక్కువ కాబట్టి దోసెలు 22, ఇడ్లీలు 28. రెండు సమీకరణాలు రాసి, మొదటిదాన్ని 40తో గుణించి రెండోదాని నుంచి తీసేసినప్పుడు జరిగేది అక్షరాలా ఇదే. ప్రతి గీతకూ అర్థం తెలిసి చేస్తున్నాం, అంతే తేడా. కాఫీ పొడి, చికోరీ కలిపే మిశ్రమాల లెక్కలూ ఈ కుటుంబానివే. కిలో 600 రూపాయల కాఫీలో 200 రూపాయల చికోరీ కలిపి కిలో 520కి తేవాలంటే, 520కి చికోరీ ధర నుంచి దూరం 320, కాఫీ ధర నుంచి 80. దగ్గరగా ఉన్నదే ఎక్కువ పడాలి కాబట్టి కాఫీ, చికోరీ 4:1. పని–కాలం, పంపులు–ట్యాంకులు కూడా క.సా.గు. అనుకుని చేసేయవచ్చు, వాటి గురించి వేరే చెప్పాల్సింది లేదు.

సంఖ్యలు వేసి చూసే పద్ధతికి ఇంకొక పెద్ద హద్దు జీఆర్ఈలో రెండు రాశులను పోల్చమనే ప్రశ్నల్లో కనిపిస్తుంది. ఒక ధరను కొంత శాతం పెంచి, మళ్లీ అంతే శాతం తగ్గించారు. తొలి ధర పెద్దదా, తుది ధర పెద్దదా? 100 అనుకుని 10 శాతం పెంచితే 110, తగ్గిస్తే 99. తొలి ధరే పెద్దదని గుర్తించబోతాం. కానీ ఆ శాతం ధన సంఖ్య అని ప్రశ్నలో చెప్పారా? సున్నా కావచ్చంటే రెండూ సమానం, అప్పుడు ‘తేల్చలేం’ అన్నదే జవాబు. ఒక ఉదాహరణ ఒక వాదాన్ని కూల్చగలదు, నిలబెట్టలేదు. ఎప్పుడూ నిజమా అని తేల్చాల్సిన చోట అక్షరాలతో పనిచేయాల్సిందే.

ఆప్షన్లు కూడా సమాచారమే

తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు. 6 సంవత్సరాల తరువాత 3 రెట్లు అవుతుంది. కొడుకు వయసు ఎంత? ఆప్షన్లు 8, 10, 12, 15, 18.

మధ్యలో ఉన్న 12తో మొదలుపెట్టాలి. కొడుకు 12, తండ్రి 48. ఆరేళ్లకు 18, 54. సరిపోయింది. సరిపోకపోతే జవాబు ఏ వైపు ఉందో తెలిసి, సగం ఆప్షన్లు పోయేవి. అందుకే సంఖ్యలు పెరిగే క్రమంలో ఉన్నప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టడం మేలు. ఈ ఆప్షన్లలో 18 ఊరికే లేదని గమనించండి. అది ఆరేళ్ల తరువాతి వయసు. సమీకరణాన్ని ఆ వయసుతో మొదలుపెట్టి, చివర 6 తీసేయడం మరిచినవారి కోసం పెట్టింది.

ఆప్షన్లు వేసి చూడటం మోసమని మనసు పీకేవారికి ఒక మాట. జవాబు ఈ నాలుగైదింటిలోనే ఉందని ప్రశ్నపత్రమే చెబుతోంది. ఇచ్చిన సమాచారాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. కానీ ఇదొక్కటే నమ్ముకున్నవారిని పరీక్షలు ఇప్పుడు వేరే దారిలో పట్టుకుంటున్నాయి. క్యాట్‌లో కొన్ని ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, జవాబు టైపు చేయాలి. జీఆర్ఈలో, శాట్‌లో కూడా అలాంటివి ఉన్నాయి.

రాశులు పూర్ణసంఖ్యలే కావాలన్న షరతు కూడా దాగి ఉన్న సమాచారమే. ఒక మిఠాయి 13 రూపాయలు, ఇంకొకటి 17 రూపాయలు, బిల్లు సరిగ్గా 200. సమీకరణం ఒకటే, తెలియని రాశులు రెండు. సమాచారం చాలదని కొట్టేయబోతాం. 200 నుంచి 17, 34, 51 ఇలా తీసేస్తూ ఎక్కడ 13తో భాగించబడుతుందో చూస్తే ఒక్క చోటే కుదురుతుంది: 17వి పదకొండు, 13ది ఒకటి. ఇచ్చిన సమాచారం సరిపోతుందా అని అడిగే జీమ్యాట్ ప్రశ్నల్లో ఈ సంగతి మరిచి బోల్తా పడేవారు చాలామంది.

సమీకరణం రాయాలని తేలాక

అప్పుడు కూడా దేన్ని అక్షరంగా తీసుకోవాలో ఆలోచించాలి. తండ్రీకొడుకుల లెక్కలో వయసుల తేడా ఎప్పటికీ మారదు. ఇప్పుడు ఆ తేడా కొడుకు వయసుకు 3 రెట్లు. ఆరేళ్ల తరువాత, అప్పటి కొడుకు వయసుకు 2 రెట్లు. కొడుకు వయసు ‘క’ అయితే 3క = 2 × (క + 6). వెంటనే 12. ఇద్దరికీ రెండు అక్షరాలు పెట్టి, రెండు సమీకరణాలు రాయడం కంటే ఇది ఎంతో తేలిక. కాలంతో మారనిది, పంచినా మారనిది, కలిపినా మారనిది ఏమిటని వెతికే అలవాటు చేసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

అడిగింది ఏమిటో కూడా చూసుకోవాలి. 2 కాఫీలు, 3 వడలు 135 రూపాయలు. 3 కాఫీలు, 2 వడలు 140 రూపాయలు. ఒక కాఫీ, ఒక వడ కలిపి ఎంత? ఒక్కోదాని ధర విడిగా కనుక్కోవడం మొదలుపెట్టేవారే ఎక్కువ. రెండు బిల్లులూ కూడితే 5 కాఫీలు, 5 వడలు 275. జవాబు 55. శాట్‌లో ఇలాంటివి తరచుగా వస్తాయి.

చేతిలో ఉన్న పరికరాన్ని బట్టి కూడా పద్ధతి మారాలి. డిజిటల్ శాట్‌లో డెస్మాస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తెర మీదే ఉంటుంది. సమీకరణం సరిగ్గా రాస్తే సాధించే పని అది చేసేస్తుంది. కాబట్టి అక్కడ రాయడంలోనే శ్రద్ధ అంతా పెట్టాలి. జీమ్యాట్ గణిత విభాగంలో క్యాలిక్యులేటర్ ఇవ్వరు. అందుకే అక్కడి సంఖ్యలు చేత్తో తేలేలా ఉంటాయి. మూడంకెల గుణకారాల్లో కూరుకుపోతున్నామంటే దగ్గరి దారి ఒకటి మనకు కనిపించలేదని అర్థం. క్యాట్, జీఆర్ఈలలో తెర మీద మామూలు క్యాలిక్యులేటర్ ఉంటుంది.

ఏ దారీ దొరకనప్పుడు

క్యాట్‌లో ఆప్షన్లున్న ప్రశ్నకు సరైన జవాబుకు 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. నాలుగింటిలో కళ్లు మూసుకుని ఒకటి గుర్తిస్తే సగటున వచ్చేది సున్నా. ఐదు ఆప్షన్లు, తప్పుకు పావు మార్కు కోత ఉండే బ్యాంకు పరీక్షల్లోనూ సరిగ్గా సున్నాయే. ఈ రెండింటినీ అలా సరిచూసే పెట్టినట్టుంది. కానీ ఒక్క ఆప్షన్ తప్పని ఖాయంగా తెలిస్తే చాలు, లెక్క మనవైపు మొగ్గుతుంది: క్యాట్‌లో మిగిలిన మూడింటిలో ఒకటి గుర్తిస్తే సగటున మూడో వంతు మార్కు లాభం. సగటు వేగం 20కీ 30కీ మధ్యే ఉండాలి, దోసెల సంఖ్య పూర్ణసంఖ్యే కావాలి, చికోరీ కంటే కాఫీయే ఎక్కువ ఉండాలి వంటి అంచనాలు ఆప్షన్లను కొట్టేయడానికి సరిపోతాయి. క్యాట్‌లో టైపు చేసే ప్రశ్నలకు, శాట్, జీఆర్ఈలలో దేనికీ తప్పుకు కోత లేదు కాబట్టి అక్కడ ఖాళీ వదలడం అనవసరమైన నష్టం.

ఇదంతా చేతికి రావాలంటే కొత్త లెక్కలు వందలకొద్దీ చేయడం కంటే, చేసిన లెక్కలోనే ఒక వాక్యం మార్చి మళ్లీ చేయడం మంచి సాధన అని నా అనుభవం. జీతం లెక్కనే మళ్లీ తీసుకుని, భోజనానికి 6,000 అన్న చోట ‘జీతంలో పదో వంతు’ అని, చివర మిగిలింది 14,000 అని మార్చండి. జీతం రెండు చోట్లకు వచ్చింది కాబట్టి వెనక్కి నడవలేం. కానీ స్థిరమైన మొత్తమేదీ మధ్యలో లేదు, అన్నీ వంతులే. జీతం 30 అనుకుంటే అద్దె 10 పోయి 20, ఊరికి 10 పోయి 10, భోజనానికి 3 పోయి 7. ఆ 7 అసలు 14,000 కాబట్టి 30 అనుకున్నది 60,000.